తోలు తీయడానికి పర్ణశాల దాకా

"అక్కా, నీ తోలు ఊడ్తలేదు."

ములకలపల్లి నుంచి దావీదు ఫోన్లో అన్న మొదటి మాట ఇది. పక్కనున్న గిరాకీలు వింటే ఏమనుకుంటారోనని ఫోన్ చెవికి అదుముకుని షాపు బయటికి నడిచాను.

మాది ఖమ్మంలో కార్ల డెకర్ షాపు. మా ఆయన సీట్ కవర్లు కుడతాడు, నేను రంగులు కొడతాను. నాకు పేరు తెచ్చింది రబ్బరు స్ప్రే. చక్రాల మీద, ముందు జాలీ మీద, తలుపుల మెరుపు పట్టీల మీద పొర మీద పొర కొడితే ఆరిపోయి రబ్బరు తొడుగులా పట్టుకుంటుంది. ఇష్టమున్నన్నాళ్లు ఉంచుకోవచ్చు. వద్దనుకున్న రోజు అంచు పట్టి లాగితే అరటితొక్కలా వచ్చేస్తుంది, కింద అసలు చక్రం గీత పడకుండా ఉంటుంది. టాక్సీ స్టాండు వాళ్లు దానికి 'తోలు' అని పేరు పెట్టారు. "అక్కతోని జర పైలం, తోలు తీస్తది" అని ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. ఆ మాటకు నాకు కోపం రాదు, పైగా బాగానే ఉంటుంది.

దావీదు టాక్సీ డ్రైవరు. అతని కారుకు నేను తోలేసి రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు దాటాయి. ఇప్పుడా కారును అతను అమ్ముతున్నాడు. కొనేవాళ్లది ఎర్రుపాలెం. నల్లతోలు కింద పగుళ్లేమైనా దాచారేమోనని వాళ్ల అనుమానం. మరునాడు పర్ణశాలకు దర్శనానికి వస్తున్నారట, అక్కడ తమ కళ్లముందు తోలు తీసి చూపిస్తే కారు తీసుకుంటామన్నారు. దావీదు ముందుగా ఒక చక్రాన్ని గోటితో గీరి చూస్తే ముక్కలు ముక్కలుగా వచ్చిందట.

"ఇది అమ్ముడుపోతెనే నాకు పెద్దబండి వస్తదక్కా. పేషెంటును పండవెట్టి తీస్కపోయేటి బండి. లేకుంటే ఆ షోరూమోళ్లు వేరేటోళ్లకు ఇచ్చేస్తరు," అన్నాడు.

మా ఆయన లోపలి నుంచి విన్నాడు. "గ్యారంటీ ఎప్పుడో అయిపాయె గదా, నువ్వు పోవుడెందుకు?"

"గ్యారంటీకి గడువుంటది. మాటకుంటదా?" అన్నాను. అతనే తెల్లవారి నన్ను బండి మీద బస్టాండులో దింపాడు.

ఐదున్నర కొత్తగూడెం ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ సీటు దొరికింది. ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. సంచిలో నాలుగు స్ప్రే డబ్బాలు, షాంపూ, మెత్తటి గుడ్డలు. ఈ డబ్బాల్లో రంగు కలవడానికి చిన్న గుండు ఉంటుంది, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా టకటకమంటుంది. "ఏందక్కా, సంచిల గోళీలాడుతున్నరా?" అంది కండక్టరమ్మ. తోలు తీయడానికి పోతున్నానని నోరు జారాను. ముందు సీట్లో పెద్దమనిషి గిర్రున వెనక్కి తిరిగి చూసి, మళ్లీ కొత్తగూడెం దాకా తిరగలేదు.

ఏన్కూరు దాటేసరికి ఎండ పొడిచింది. రోడ్డు పక్క కల్లాల్లో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. జూలూరుపాడు దాటాక టేకుచెట్లు, వాటి వెనక ఆకు రాలిపోయిన అడవిలో మోదుగులు. కొత్తగూడెంలో దిగి, స్టాండు ముందు బండి మీద నాలుగిడ్లీలు తిన్నాను. ఇది నేను పుట్టిన ఊరు. మా నాన్న బొగ్గుబాయి కార్మికుడు. బాయి నుంచి వచ్చి ఎంత రుద్దుకున్నా కనురెప్పల అంచుకు నలుపు ఉండేది. పని పట్టుకున్న నలుపు అంత తేలిగ్గా పోదనేవాడు. నేనేమో తేలిగ్గా పోయే నలుపును నమ్ముకుని బతుకుతున్నాను.

పాల్వంచ మీదుగా ములకలపల్లి పోయే పల్లెవెలుగులో నా పక్కన ఇద్దరు ఆడవాళ్లు కోయభాషలో మాట్లాడుకుంటున్నారు. ఎవరింటికని పెద్దామె నన్ను తెలుగులో అడిగింది. దావీదు పేరు చెప్పాను.

"డ్రైవర్ దావీదా? వానల్ల మా కోడల్ని ఆ బండిలనే దవాఖానాకు తీస్కపోయిండు. కాళ్లు సాపుకోను జాగలేక మస్తు కష్టమైంది పిల్లకు," అంది.

అప్పటిదాకా నా పేరు కోసమే పోతున్నాననుకున్నాను. ఆ మాట విన్నాక ఆ పెద్దబండి కూడా నా సంచిలో చేరి బరువైంది.

తొమ్మిది దాటాక ములకలపల్లిలో దిగాను. దావీదు భార్య మార్త చాయ్ ఇచ్చింది. చాయ్ గ్లాసు పట్టుకునే కారు చుట్టూ తిరిగాను. మీలో ఎవరైనా తోలేయించుకోవాలనుకుంటే ఇది వినండి. ముందు జాలీ మీద రాళ్లు తగిలిన చోట చిల్లులు పడ్డాయి, కానీ అవి పెద్దవి కాలేదు. తలుపుల పట్టీలు నేనేసిన రోజులాగే ఉన్నాయి, ఒకటి లాగి చూస్తే రిబ్బనులా వచ్చింది. చక్రాల నట్ల చుట్టూ మాత్రం పంచర్ షాపుల పానా తగిలి చిరిగింది. పెట్రోలు మూత చుట్టూ కూడా వేశాను, అక్కడ పెట్రోలు కారిన మేరకు తోలు ఉబ్బింది. అంతకుమించి ఏమీ లేదు. కంకరరోడ్లు, వాగుల బురద, మే నెల ఎండ అన్నీ దాని మీదుగా పోయాయి. నాకు ఛాతీ ఉప్పొంగింది.

కుడిపక్క రెండు చక్రాలు గట్టిగా ఉన్నాయి. ఎడమపక్కకు వచ్చి చెయ్యి పెడితే వేలు అతుక్కుంది. ముట్టుకుంటే జిగురు, దాని నిండా దుమ్ము. వేలు వాసన చూశాను.

"డీజిల్ రాసినవా?"

దావీదు తల గోక్కున్నాడు. "అవ్ అక్కా. శనివారం సాయంత్రం గుడ్డతోని తుడుస్త. ఆదివారం చర్చికి పోతం గద, నిగనిగ మెరవాలె."

"మరి కుడిపక్క ఎందుకు రాయలే?"

"చర్చి దగ్గర బండి గోడకు ఆనిచ్చి పెడ్త. కుడిపక్క గోడదిక్కు ఉంటది. ఎవలు చూస్తరు?"

"దేవుడు రెండు దిక్కులా చూస్తడని మీ పాస్టరు చెప్పలేదా?" అన్నాను. మార్త కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. రెండేళ్ల అడవి చేయలేని పని ఒక శనివారం గుడ్డ చేసింది. డీజిల్ రబ్బరును మెత్తబరుస్తుంది. తోలేసిన రోజు పెట్రోలు తగలనీయొద్దని చెప్పాను, డీజిల్ పేరు ఎత్తలేదు. మెరుపు కోసం బండికి డీజిల్ రాయడం మా బొగ్గుగనుల వైపు డ్రైవర్లకు తలకు నూనె రాసుకున్నట్టే. అడిగి రాసుకోరు, చెప్పి మానరు.

అక్కడే షాంపూతో ఎడమ చక్రాల జిడ్డు కడిగాను. దావీదు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇక్కడ్నే ఇంకో రెండు పొరలు కొట్టి కప్పరాదె? ఆల్లకేం తెలుస్తది?"

"కప్పి తీస్తే దొంగతనం, చెప్పి తీస్తే పని. నడువు," అన్నాను.

మళ్లీ పాల్వంచకు వచ్చి, సారపాక మీదుగా గోదావరి వంతెన దాటి, భద్రాచలంలో ఆగకుండా దుమ్ముగూడెం రోడ్డు పట్టాం. పన్నెండున్నరకు పర్ణశాల చేరాం. దర్శనం ముగించుకుని ఎర్రుపాలెం వాళ్లు ఏటి ఒడ్డున నీడలో జంపఖానా పరుచుకుని ఉన్నారు. రాఘవరావు గారు మిర్చి రైతు, ఆయన భార్య సుశీలమ్మ. పలకరింపులయ్యీ కాకముందే ఆయన తాళంచెవితో చక్రం మీద కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"ఏమ్మా, నలుపు కింద ఏముందో మాకేం తెలుసు చెప్పు? పగిలిన చక్రానికి అతుకేసి రంగు కొట్టినోళ్లను చూశాను నేను."

"చూపిస్త సార్," అని కుడి ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. అంచు దగ్గర బొటనవేలితో దొర్లించి కొస దొరికించుకుని మెల్లగా లాగాను. నట్ల దగ్గర కొంచెం చిరిగింది గానీ, తోలంతా ఒక్క ముక్కగా వచ్చి చేతిలో వేలాడింది. కింద చక్రం తళుక్కుమంది. దర్శనానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు మూగారు. వెనక చక్రం కూడా అంతే. రాఘవరావు గారు కళ్లజోడు పెట్టుకున్నాడు.

ఎడమ పక్కకు వచ్చాం. లాగితే గోరంత, వేలంత ముక్కలే వచ్చాయి. మిగతాది చక్రాన్ని వదల్లేదు.

"అదిగో, నే చెప్పలా!" అన్నాడాయన. దావీదు మొహం వాడిపోయింది.

నేను లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. డీజిల్ సంగతి, చర్చి గోడ సంగతి, ముక్కలు ఎందుకవుతుందో, ఇప్పుడేం చేస్తానో కూడా. పలచబడ్డ తోలు మీద కొత్త పొరలు కొడితే పాతది కొత్తదానిలో కలిసి మందమవుతుంది, అప్పుడు ఒక్కటిగా ఊడుతుంది. "రెండు మూడు గంటలు ఆగాలె. ఊడకపోతే బండి తీస్కోకండి," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు దావీదు వైపు చూడలేకపోయాను.

"పోగొట్టడానికి మళ్లీ పుయ్యటమేంటమ్మా?" అంది సుశీలమ్మ.

"ముల్లును ముల్లుతోనే తియ్యాలె గదమ్మా."

చక్రాలు చల్లారనిచ్చి, టైర్ల చుట్టూ పాత పేపర్లు దోపి కొట్టడం మొదలుపెట్టాను. ఒక పొర, అది ఆరాక ఇంకొకటి. తొందరపడి మందంగా కొడితే కారుతుంది. ఏటిగాలి రాకుండా దావీదు జంపఖానా అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో సుశీలమ్మ అందరికీ విస్తరాకుల్లో పులిహోర, పెరుగన్నం పెట్టింది. దావీదు రెండు ముద్దలు తిని చాలన్నాడు.

"బండి మీద అంత మమకారమా బాబూ?" అని అడిగింది ఆమె.

"దీని మీద కాదమ్మా. కాళ్లు సాపుకోలేక యెనక సీట్ల ఏడ్సుకుంట వచ్చినోళ్లను అద్దంల చూసిన. ఇగ చూడలేను," అన్నాడు. రాఘవరావు గారు ముద్ద కలపడం ఆపి అతని వైపు చూశాడు.

నాలుగింటికి తోలు మీద గోరు ఆనించాను. గుంత పడలేదు. అంచు పట్టుకున్నాను. కొస లేచింది. మెల్లగా లాగుతూ నట్ల దాకా వచ్చాక ఆగిపోయింది. నేనూ ఆగాను. లోపలి నుంచి బొటనవేలు దూర్చి వేడి పుట్టేలా రుద్ది మళ్లీ లాగాను. సర్రుమని పాత తోలు, కొత్త తోలు, రెండేళ్ల దుమ్ము అన్నీ కలిసి ఒకే ఒక్క ముక్కగా వచ్చాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. అంచుల్లో మిగిలిన మరకలను దావీదు డిక్కీలో ఉంచుకునే శనివారం గుడ్డతోనే, ఆ డీజిల్‌తోనే తుడిచేశాను. పాడుచేసినదాని చేత చాకిరీ చేయించినందుకు భలే తృప్తిగా అనిపించింది. రెండో చక్రం సతాయించకుండా వచ్చింది.

రాఘవరావు గారు మోకాళ్ల మీద కూర్చుని నాలుగు చక్రాల అంచులూ, ప్రతి నట్టు చుట్టూ వేలు తిప్పి చూశాడు. లేచి దావీదు ముందు చెయ్యి చాపాడు.

"తాళం ఇవ్వు బాబూ. పోయి నీ పెద్దబండి తెచ్చుకో."

ఆయన నావైపు తిరిగి, "ముందే కొట్టి తెచ్చుంటే మాకు తెలిసేది కాదు గదమ్మా," అన్నాడు.

"నాకు తెలుసు గద సార్."

తిరుగుదారిలో అందరం అదే కారులో వచ్చాం. రాఘవరావు గారు నడిపాడు. దావీదు ఆయన పక్కన కూర్చుని, గేరు మార్చాల్సిన చోటల్లా ఎడమచెయ్యి కదిపాడు. పొద్దుగూకే వేళకు పాల్వంచ టాక్సీ స్టాండు దగ్గర అతను దిగాడు. స్టాండులో డ్రైవర్లు కారు చుట్టూ చేరారు.

"ఏందయ్యా, అమ్మేముందు కొత్త చక్రాలేసినవా?"

"కొత్తయి కాదన్నా, ఆ పాతయే," అన్నాడు దావీదు. కిటికీలోంచి నావైపు చూశాడు, కళ్లు తడిగా ఉన్నాయి. "రెండేండ్లు అక్క పైలంగ దాచిపెట్టింది."

ఇన్నేళ్లుగా నా పని రంగు కొట్టడమనీ, తోలు తీయడమనీ విన్నాను. దాచిపెట్టడమని ఎవరూ అనలేదు. ఖమ్మం చేరేదాకా నాకు వేరే మాట చెవికెక్కలేదు. గర్వంగా ఉంది, ఉందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.