పాడుబంగ్లాకు మళ్లీ సున్నం

మొన్న మా మేనల్లుడి కంప్యూటరు వేడెక్కి, కాలిన దుమ్ము వాసన వేసింది. ఏదో పాత దయ్యాల ఆటనే మళ్లీ కొత్తగా చేశారట. దానికి బదులు తర్వాతి భాగం తీసి ఉండాల్సిందని వాడి విసుగు. నాకు మాత్రం ఆ వాసనతో పాటు నంద్యాలలోని మద్దిలేటన్న దుకాణం వచ్చి ముక్కులో కూర్చుంది.

తొంభైల చివర్లో నేను ఆళ్లగడ్డ నుంచి బస్సులో నంద్యాలకు వెళ్లి డిగ్రీ చదివేవాణ్ని. కాలేజీ కంటే మద్దిలేటన్న టీవీ రిపేరు దుకాణమే నా మొహం ఎక్కువ చూసింది. అగ్గిపెట్టెంత గదిలో నలభై మందిమి. నెత్తిన ఉన్న ఫ్యాను మాకు గాలి ఇచ్చేది కాదు, మా నుంచే పీల్చుకునేది. మూలనున్న టీవీలో గంటకింతని డబ్బు తీసుకుని ఆడించే వీడియో గేమ్. దీపం పట్టుకున్న దయ్యం ఒకావిడ పెద్ద ఇల్లంతా తిరిగే ఆ ఆటకు మేం పాడుబంగ్లా అని పేరు పెట్టుకున్నాం. కథంతా తెర కింద ఇంగ్లీషులో పడేది. మాకు అది అంతుపట్టేది కాదు, మద్దిలేటన్నకు అసలే రాదు. అయినా వెనక నిలబడి, సోల్డరింగు కడ్డీ ఊపుతూ కథ ఆయనే చెప్పేవాడు.

“ఆయమ్మ మన అవుకు నుంచి దొరింట్లో వంటకొచ్చిందప్పా. అందరికీ వండిపెట్టి, తాను పస్తుండి సచ్చిపోయింది. వంటింటి తలుపు తీయొద్దంటాండా.”

“కింద సొరంగం యాడికి పోతాదన్నా?”

“యాడికేంది, బెలుం గుహల్లోకి.”

రిమోట్ పట్టుకున్నవాడి అరచేతి చెమటతో ఒక మడి వరి పండేది.

రెండేళ్లకు రెండో భాగం వచ్చింది. తెప్పించమని ఆయన ప్రాణం తీసింది నేనే.

“రెండోది దేనికిప్పా? మొదటిదానికే మీరు సరిగా భయపడల్యా. ఆ బంగ్లానే ఇంకోసారి కట్టి, గోడలకు సున్నం బాగా కొడితే సాలు” అన్నాడాయన.

చివరికి తెప్పించాడు. అప్పటికి నాకు నాలుగు ముక్కల ఇంగ్లీషు అబ్బింది. అబ్బినవాడు ఊరుకుంటాడా? ఆయన కథ మొదలుపెట్టగానే, నలభై మంది ముందు తెర మీది అక్షరాలు బిగ్గరగా చదివాను.

“అన్నా, ఆమె వంటమనిషి కాదు, ఇంటి యజమానురాలు. మొగునికి విషం పెట్టింది. అవుకూ లేదు, పస్తూ లేదు. ఇన్నాళ్లూ మా చెవుల్లో పూలు పెట్టినావు.”

గదంతా నవ్వింది. ఆయనా నవ్వాడు.

“అట్లనా. సదువుకున్నోడివి, నువ్వు జెప్పిందే నిజమప్పా” అని తన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన కథ చెప్పలేదు. గిరాకీ తగ్గలేదు, భయమే తగ్గింది. ఆ దయ్యం పక్కనే నిలబడినా మావాళ్లు వేరుశనక్కాయలు వొలుచుకునేవాళ్లు.

ఇంకొన్నేళ్లకు పాత ఆటనే కొత్తగా చేశారు. నేను సీడీ తెప్పించుకుని ఆళ్లగడ్డలో ఎక్కిన బస్సు నంద్యాల చేరేదాకా దాన్ని బాలింత బిడ్డను పొదువుకున్నట్టు ఒళ్లో పొదువుకున్నాను.

“నువ్వు అడిగిందే చేసినారన్నా. మళ్లా జెప్పు.”

“ఆడ రాసిండారు గదప్పా. నువ్వే సదువు.”

బతిమాలాను. వినలేదు. గోడల పెచ్చులు కూడా లెక్కపెట్టేంత చక్కగా ఉన్నాయి బొమ్మలు. ఒక్క ముక్క వదలకుండా చదివాను. చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా విన్నాడు.

“బాగుండాది. ఆయమ్మది ఏ ఊరని రాసిండారు?”

“రాయలేదన్నా.”

“ఊరు ల్యాకుండా దయ్యమెట్లయితాదప్పా” అని, నా వైపు చూడకుండా టీవీ కట్టేశాడు.

మరుసటి ఏడాదికి దుకాణమూ లేదు, మద్దిలేటన్నా లేడు. కొత్త భాగం కంటే పాతదాన్ని మళ్లీ బాగా చెప్పడమే గొప్పని ఇప్పుడు నేనూ ఒప్పుకుంటాను. కానీ చెప్పే మనిషిని మళ్లీ చేయలేం. ఇప్పుడు నేను రాసే కథల్లో గోరంత కొండంతవుతుందని తిట్టేవాళ్లకు, ఆ విద్య ఆయన దగ్గర అబ్బిందేనని ఇన్నాళ్లూ చెప్పుకోలేదు, సిగ్గుపడి. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. నా ఎదుట ఎవరైనా కథ మొదలుపెడితే, అది ఎంత అబద్ధమైనా, అయిపోయేదాకా ఊఁ కొడతాను.