మొగ్గ తుంచిన చెయ్యి

గుండె మీద బరువుందని జనం మాటవరసకు అంటుంటారు. నాకు ఆ బరువు నిజంగానే ఉంది. అన్నం తింటున్నా, నలుగురిలో నవ్వుతున్నా అక్కడే ఉంటుంది. నా పేరు అడగకు. విను, చాలు.

సింహాద్రీ నేనూ ఒకే ఓడలో ఫిజీ వచ్చాం. ఓడలో కలిసినవాళ్ళం ఒకరినొకరు జహాజీ అని పిలుచుకునేవాళ్ళం. తోడబుట్టినవాడికన్నా జహాజీ ఎక్కువ. జహాజీకి ద్రోహం చేసినవాడికి కూలి లైన్లలో, అంటే మేముండే వరస గదుల్లో, ఎవరూ మంచినీళ్ళు కూడా పోయరు. ఇద్దరినీ వునిమోలి చెరకు తోటకే పంపారు.

అక్కడ సింహాద్రి ఒక నాటకం కట్టాడు. అతనికి అక్షరం ముక్క రాదు, అంతా నోటితోనే. ఒక రాజు దీవిలో బందీ. కాపలాకు ఒక రాక్షసుడు. కుండీలో మొక్క పువ్వు పూసిన రోజున రాజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. కానీ మొగ్గ వేసినప్పుడల్లా రాక్షసుడు వచ్చి తుంచేస్తాడు. "ఇంకో మొగ్గేస్తాదిలే" అంటాడు రాజు. చివరికి ఆ మాట అంటూనే చచ్చిపోతాడు. ఆదివారం మధ్యాహ్నాలు లైన్ల మధ్య ఆడేవాళ్ళం. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవాళ్ళు.

రాజు సింహాద్రి. రాక్షసుణ్ణి నేను, ఒళ్ళు పెద్దది కాబట్టి. కిరసనాయిలు డబ్బా రేకుతో చేసిన కిరీటం అతని తల మీద ఎండకు మెరుస్తుంటే నాకు కడుపు మండిపోయేది.

ఆ మొగ్గ ఏమిటో నాకొక్కడికే చెప్పాడు. అది మా గిరిమిట్, అంటే మేము వేలిముద్ర వేసిన కూలి ఒప్పందం తీరే రోజు. పని తక్కువైందనో, ఎదురు మాట్లాడామనో తెల్లదొర ఆ రోజును వెనక్కి నెట్టేవాడు. దొరను మేము కులంబరు అనేవాళ్ళం. సింహాద్రి ఓడెక్కేనాటికి అతని కూతురు పాకుతోంది. గిరిమిట్ తీరగానే వెళ్ళి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించాలని అతని ఆశ. ఇంకే ఆశా లేదు.

ఒకరోజు కులంబరు కింద మా చేత పని చేయించే సర్దారు నాకు యంగోనా, అక్కడి మత్తు వేరు రసం, పోసి, ఆ రాక్షసుడెవరని నవ్వుతూ అడిగాడు. మత్తులో ఉన్నానని చెప్పుకోవచ్చు. అబద్ధం. తెలివిగానే ఉన్నాను. కులంబరే అని చెప్పాను. మొగ్గ సంగతి అడగకపోయినా విడమరిచి చెప్పాను. ఎందుకు చెప్పాను? ఒక రేకు కిరీటం కోసమా? ఇన్నేళ్ళుగా ఎంత తవ్వి చూసుకున్నా నాలో ఇంకో కారణం దొరకలేదు.

ఎదురు తిరిగాడని కులంబరు సింహాద్రిని కోర్టుకు ఈడ్చాడు. జైలు వేశారు. జైల్లో గడిచిన కాలమంతా మళ్ళీ గిరిమిట్‌కు కలిపారు.

తిరిగొచ్చేసరికి ఎముకలే మిగిలాయి. గంజి కాచి తాగించింది నేనే.

"ఎవుడు సెప్పుంటాడు, జహాజీ?" అన్నాడు.

"నాకేటి తెల్సు" అన్నాను.

"నన్నింక ఆడనివ్వరు. రాజు ఏసం నువ్వు కట్టు. మాటలన్నీ నీకే వొచ్చు."

కట్టాను. ఒక్కసారైనా వద్దనలేదు. మొదట చేసినదానికన్నా ఇది పెద్ద పాపమేమో. ఆడుకోండి గానీ చివర పువ్వు పూయాలని కులంబరు కబురు పెట్టాడు. దానికీ సరేనన్నాను. మొక్కకు ఎర్ర మందారం కట్టి, పూసింది పూసిందని అరిచి, కిరీటం పెట్టుకుని ఇంటికి బయలుదేరాను. చప్పట్లు మోగాయి. కులంబరు కూడా కొట్టాడు. వెనక కూర్చున్న సింహాద్రి మెల్లగా లేచి వెళ్ళిపోవడం నాకు కనిపించింది. వెంట వెళ్ళలేదు. చప్పట్లు ఇంకా ఆగలేదు మరి.

మర్నాడు అతను పనికి రాలేదు. తోట అంచున మామిడికొమ్మకు వేలాడుతున్నాడు. అందరికన్నా గట్టిగా ఏడ్చింది నేనే. జనం నన్ను పట్టుకుని ఓదార్చారు. ఓదార్పు కూడా పుచ్చుకున్నాను, సిగ్గులేనివాణ్ణి.

నా గిరిమిట్ తీరిపోయింది. సొంత చెరకు వేసుకున్నాను. ఆ నాటకం మొత్తం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, నేర్పమని కుర్రాళ్ళు అడుగుతారు. ఏ ముగింపు నేర్పను? ఆ పిల్ల చెవులు ఎవరు కుట్టించారో! తండ్రి వస్తాడని ఇంకా చూస్తోందేమో. కబురు పెట్టడానికి నాకు చెయ్యి ఆడలేదు.

క్షమించమని అడగను. నువ్వు క్షమించినా అది చెల్లదు. అడిగినవాడు వేరు. ఆ రోజు గంజి ముంత పట్టుకుని అతను అడిగిన మాటకు జవాబు ఇప్పటికి నోట్లోంచి ఊడిపడింది, అంతే.

నానే సెప్పినాను, జహాజీ.