హద్దు గీయని మూల

చైనా యుద్ధం వచ్చిన ఏడాది నేను ఎస్సెస్సెల్సీలో ఉన్నాను. మ్యాపుల రికార్డు మీద జాగ్రఫీ మాస్టారి సంతకం లేకపోతే పబ్లిక్ పరీక్షకు పంపేది లేదని స్కూల్లో ముందే చెప్పేశారు. నా రికార్డులో ఇండియా మ్యాపు ఒక్కటే మిగిలింది. దాన్ని నాన్న చదువుకున్న రోజుల నాటి అట్లాసు చూసి గీశాను. అందులో కాశ్మీరుకు ఈశాన్యాన గీత లేదు. లేతరంగు పూసి, హద్దు నిర్ణయం కాలేదని ఇంగ్లీషులో రాసి ఉంది. ఉన్నదున్నట్టు నేనూ అక్కడ బొటనవేలంత ఖాళీ వదిలేశాను.

మాస్టారు ఆ పేజీని క్లాసంతటికీ ఎత్తి చూపించారు.

"ఏమ్మా, చైనావాడు వస్తాడని తలుపు తీసి పెట్టావా?"

అందరూ నవ్వారు. నా నోరు ఊరుకోలేదు.

"లేని తలుపు నేనెలా వేస్తానండీ? పాత అట్లాసులో గీతే లేదు. కొత్తదాంట్లోకి ఎలా వచ్చింది, ఎవరు గీశారు?"

"అవన్నీ నీకెందుకు? గీత గియ్యి. గీసేదాకా సంతకం లేదు."

ఇంటికొచ్చి చెబితే నాన్న, "పెన్సిలుతో ఓ గీత గీస్తే నీ సొమ్మేం పోతుందే?" అన్నారు.

ఎవరైనా అనొచ్చుగానీ ఆ మాట మా నాన్న అనకూడదు. మా మామిడితోటకూ పక్కతోటకూ మధ్య ఉన్న రెండు వరసల రసాల చెట్ల కోసం ఆయన ప్రతి కోతకీ పక్కవాళ్ళతో తగువు పడుతూనే ఉన్నారు. నూజివీడు కోర్టు కాగితాల కట్టలో ఇద్దరి దస్తావేజుల నకళ్ళూ ఉన్నాయి. మా దాంట్లో తూర్పు హద్దు వాళ్ళ తోట. వాళ్ళ దాంట్లో పడమర హద్దు మా తోట. రెండూ నిజమే! ఒకటి ఎక్కడ ఆగి రెండోది ఎక్కడ మొదలవుతుందో మాత్రం రాసిన మహానుభావుడు రాయలేదు.

లైబ్రరీలో దొరికిన పేపర్లన్నీ తిరగేసి, రెండ్రోజుల తర్వాత ఆ నకళ్ళు తీసుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టాను.

"దేశాలదీ ఇదే గొడవండీ. తెల్లవాళ్ళు కాగితం మీద ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ గీశారు. అవతలివాళ్ళతో కలిసి వెళ్ళి రాయి పాతింది లేదు. వాళ్ళు పోయాక ఎవరి కాగితం వాళ్ళు పట్టుకున్నారు. ఆ మూల మనది కాదని నేననట్లేదు. తగువు ఎక్కడ పుట్టిందో చూపిస్తున్నాను."

మాస్టారు నకళ్ళు రెండూ చదివారు. వాటిని మడిచి, నా మ్యాపు ముందుకు జరిపారు.

"మా తమ్ముడు మిలిటరీలో ఉన్నాడు. అక్కడికే పంపారు. ఉత్తరం వచ్చి నెల దాటింది. ఏడీ, ఎక్కడున్నాడో చూపించు."

ఆ ఖాళీ మీద వేలు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అక్కడే చూస్తూ ఉండిపోయారు. తర్వాత పేజీ అడుగున సంతకం చేశారు.

"పరీక్షలో మాత్రం గీత గియ్యి తల్లీ. పేపరు దిద్దేవాడికి మీ తోట సంగతి తెలీదు."

ఆ తమ్ముడు మంచుకు మూడు కాలివేళ్ళు పోగొట్టుకుని, పరీక్షలకు ముందే ఇల్లు చేరాడు. నేను పరీక్షలో ఆ మూల చుక్కల గీత గీశాను. మాస్టారి మాట విన్నట్టా, విననట్టా అంటే నేను చెప్పను. పాసయ్యాను.