ముందే తీర్చిన మొక్కు

ఇప్పుడంటే పొద్దున్నే ఆడపిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని కాలువ గట్టు మీద పరుగెడుతుంటే ఎవరూ తల తిప్పి కూడా చూడరు. మా రోజుల్లో (మరీ పాతకాలం కాదు, నా జుట్టు ఇంకా నల్లగానే ఉంది, రంగు సంగతి అడక్కండి) హుజూరాబాద్ పక్కనున్న మా చిన్న ఊళ్లో ఆడపిల్ల పరుగెత్తిందంటే రెండే కారణాలు. బస్సు వెళ్లిపోతోందన్నా అయ్యుండాలి, ఇంట్లో కొట్లాటన్నా అయ్యుండాలి. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం కూడా పరుగెత్తుతారని మా ఊరికి మొదట తెలియజెప్పింది నేనే. ఆ ఘనత నాదే, అందుకు పడ్డ పాట్లూ నావే.

మాది నేతపనివాళ్ల ఇల్లు. బాపు నడిపే మరమగ్గాలు ఒక్కొక్కటే మూలబడితే ఆయన రైసుమిల్లులో వాచ్‌మన్‌గా కుదిరాడు. అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది. నేను డిగ్రీ చదువుతూనే ఆమె పక్కన కూర్చుని చాట ఒళ్లో పెట్టుకునేదాన్ని. ఆ చాట మీద నుంచి లేవాలంటే పోలీసు ఉద్యోగమే దిక్కని ఎందుకో గట్టిగా నమ్మాను. మొదటిసారి ప్రిలిమినరీ రాత పరీక్ష గట్టెక్కి, అవ్వను తోడు పెట్టుకుని కరీంనగర్‌లో పరుగు పరీక్షకు పోయాను. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టాలి. రెండో రౌండులో ఆఖరి మలుపు దగ్గర డొక్కలో పోటు వచ్చింది. ఒక్క నిమిషం ఊపిరి తీసుకుని లేద్దామని కూర్చున్నాను. పరుగు పరీక్షలో అలాంటి సదుపాయం ఉండదని అప్పుడే తెలిసింది. నేను ఇంటికి చేరేలోపే కబురు ఊరంతా పాకి, నాకో పేరు కూడా ఖాయమైంది. చాయ్ హోటలాయన అయితే కనబడ్డప్పుడల్లా పలకరించేవాడు. "ఏం కూసున్న పోలీసూ, చాయ్ తాగుతవా? రా, కూసో." పైకి నవ్వేదాన్ని. ఇంటికొచ్చి బాత్రూంలో బకెట్టు నిండేదాకా నల్లా విప్పి ఏడ్చేదాన్ని.

మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి నా వయసుకు అదే ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే బీడీల చాటే గతి. సరే, కూర్చున్న చోటే లేవాలనుకుని తెల్లారగట్ల రోడ్డెక్కాను. మేం ఖాలా అని పిలిచే ఎదురింటామె తన కొడుకు పాత బూట్లు తెచ్చిచ్చి, "ఫికర్ మత్ కర్ బిడ్డా, ముందట బట్టపేలికెలు కుక్కుకో, సరిపోతయి" అంది. బూట్లు సరిపోయాయి గానీ మా ఊరివాళ్ల మంచితనాన్ని ఎక్కడ కుక్కాలో అర్థం కాలేదు. మనిషి పరుగెత్తుతుంటే చూసి ఊరుకునే రాతిగుండెలు కావు వాళ్లవి. పాలాయన బండి ఆపి "ఎక్కు బిడ్డా, బస్సు అందిస్త" అనేవాడు. వద్దంటే, "నాకేం పరేషాన్ లేదు, ఎక్కు" అని వెంటపడేవాడు. ట్రాక్టరాయన వెనక డబ్బాలో జాగా చేయించేవాడు. ఓ ముసలాయన సైకిలు మీద నా పక్కపక్కనే వస్తూ, "కొట్లాటైతే పెద్దమనుషులల్ల పెట్టాలె గని గిట్ల ఉరుకుడేంది" అని కాలువ దాకా బుద్ధి చెప్పాడు. వీళ్లకు తోడు కుక్కలు. అవైతే కారణాలు కూడా అడిగేవి కావు.

కుక్కల కోసమని బాపు మిల్లు డ్యూటీ దిగగానే కర్ర పట్టుకుని సైకిలు మీద నా వెనకాల రావడం మొదలుపెట్టాడు. అది ఇంకో తలనొప్పి. ముందు పిల్ల పరుగెత్తుతోంది, వెనక తండ్రి కర్రతో తరుముతున్నాడు. మరునాటికల్లా నలుగురు అడ్డం నిలబడి బాపును సైకిలు దింపేశారు. "ఎదిగిన పిల్లను కొడతరా? ఏం తప్పు చేసింది పాపం?" అన్నారు. బాపు ఎంత చెప్పినా వాళ్లు వినలేదు. చివరికి నేనే వెనక్కి పరుగెత్తుకొచ్చి ఆయన్ని విడిపించుకోవాల్సి వచ్చింది. (పోలీసుగా నా మొదటి కేసు అదే అనుకోవచ్చు.)

ఇక అవ్వ సంగతి. మా వైపు కష్టమొస్తే వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకుంటారు. పని అయ్యాక పోయి, కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి వస్తారు. తాతల నాటి నుంచి అదే పద్ధతి. పరుగు పరీక్ష ఇంకా ఉండగానే అవ్వ ఒకనాడు తలంటు పోసుకుని, "లెవ్వు, రాజన్న దగ్గరికి పోవాలె" అంది. బాపు తెల్లబోయాడు.

"పని కాకముందే మొక్కు తీరుస్తరా ఎవలన్న?"

"అయినంక తీర్చేటోళ్లు శానమంది ఉన్నరు. మనది ముందుగల ముట్టజెప్తే ఆయనకు మోమాటం ఉంటది. చేతుల పెట్టినంక కాదంటడా?"

"దేవునితోని గీ బేరమేంది?"

"నీ తీరుగ ఊకె దండం పెట్టుకుంట కూసుంటే మగ్గాలు నడిచినయా?"

ఆ మాట బాపుకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. అవ్వకూ తెలుసు. కాసేపాగి ఆమే ఓ గ్లాసు చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. అవ్వా నేనూ వేములవాడ పోయాం. మా వాటాకు వచ్చిన కోడె రెండడుగులు వేసి, ఇక కదలనని మొరాయించింది. నాకు నన్నే చూసినట్టనిపించింది. అవ్వ బతిమాలింది, తిట్టింది, వీపు నిమిరింది. దానికి ఏం తోచిందో ఏమో, ఉన్నట్టుండి ఉరకడం మొదలుపెట్టింది. తాడు నా చేతికి చుట్టుకుని ఉంది. జనం "జరుగుండ్రి జరుగుండ్రి" అంటుంటే గుడి చుట్టూ అది ముందు, దాని వెనక నేను. నా జీవితంలో అంత వేగంగా పరుగెత్తింది ఆ రోజే. చివరికి రొప్పుతూ నిలబడితే పూజారి అయ్యగారు అవ్వను అడిగాడు.

"ఏం మొక్కుకున్నవమ్మా? పని అయిందా?"

"ఇంకా కాలే అయ్యగారూ. అయితది."

"కాకుంటే?"

"కాకుంటే మళ్లొస్త. మాట్లాడుకుంట ఆయనతోని."

పరీక్ష రోజు అవ్వ గ్రౌండు గేటు బయట నిలబడింది. విజిల్ ఊదారు. మొదటి రౌండు బాగానే గడిచింది. రెండో రౌండులో సరిగ్గా ఆ మలుపు దగ్గరే, పిలిచినట్టు, డొక్కలో అదే పోటు. కళ్ల ముందు నేల మెత్తటి మంచంలా కనబడింది. పుస్తకాల్లో అయితే ఇలాంటప్పుడు గొప్ప గొప్ప ఆశయాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం గేటు దగ్గరున్న మా అవ్వ గుర్తొచ్చింది. ఇప్పుడు నేను కూర్చుంటే ఆమె అటునుంచి అటే వేములవాడ బస్సెక్కి రాజన్నను నిలదీస్తుంది. నన్ను ఒక్క మాట అనదు. పోయినసారి కూడా అనలేదు, దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆ మౌనం మళ్లీ నావల్ల కాదు. ఏడుస్తూనే పరుగెత్తాను. డొక్క పట్టుకుని, వంకరగా, ముక్కు కారుతుండగా పరుగెత్తాను. గీత దాటి బోర్లా పడ్డాను. సారు వాచీ చూసి "క్వాలిఫైడ్" అన్నాడు. నమ్మకం చాలక "సార్, నేనేనా?" అని అడిగాను. "ఇక్కడ పడుకున్నది నువ్వొక్కదానివే కదమ్మా" అన్నాడాయన. లేచి నిలబడ్డాను. కూర్చున్న పోలీసు లేచి నిలబడింది. గ్రౌండంతా నాదే అనిపించింది, ఆకాశం కూడా.

గేటు బయట అవ్వకు చెప్తే ఏడ్వలేదు, నవ్వలేదు. కొంగుతో నా ముఖం గట్టిగా తుడిచి, "ఇగ ఉరుకకు బిడ్డా. మెల్లగ నడువు" అంది. మెల్లగానే నడిచాం. బస్టాండు చేరేసరికి హుజూరాబాద్ బస్సు కదిలి గేటు దాటుతోంది. నా కాళ్లు మాట వినడం మానేశాయి. అవ్వ చెప్పులు విడిచి చేతబట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపి, పరుగందుకుంది. ఆటోలను తప్పించుకుని, బస్సు పక్కను చెప్పులతో దబదబా బాది, ఆపించి, ఫుట్‌బోర్డు మీద నిలబడి నావైపు చెయ్యి చాపింది. కండక్టరు విసుక్కుంటూ "ఎవలమ్మా ఆమె?" అంటే, "నా బిడ్డ. పోలీసు" అంది. ఫైనల్ రాత పరీక్ష ఇంకా మిగిలే ఉందని ఆయనకు తెలియదు, అవ్వకు అది లెక్కలో లేదు. కండక్టరు నా అవతారాన్ని కిందినుంచి పైదాకా చూసి, సీటు చూపించాడు.

ఆ మిగిలిన పరీక్షా అయింది, యూనిఫామూ వచ్చింది, ఖానాపూర్‌లో పోస్టింగూ వచ్చింది. ఇప్పుడు స్టేషన్ మెట్లెక్కాలన్నా మధ్యలో ఆగి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించి, ఊపిరి తీసుకుంటాను. అలా ఆగినప్పుడల్లా డొక్క పట్టుకుని వంకరగా పరుగెత్తిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎంత గర్వపడిందో ఆ రోజు, తనే గెలిచాననుకుని. ఆ సారు వాచీ పట్టుకుని గ్రౌండులో కాకుండా బస్టాండులో నిలబడి ఉంటే, మా ఇంట్లో మొదటి పోలీసు మా అవ్వే అయ్యుండేది.