ఆళ్ళగడ్డలో మూడో పిల్లర్

ఉదయం ఏడు గంటలకు నంద్యాల బస్సు దిగి ఆళ్ళగడ్డలో ఆ ఇంటి ముందు నిలబడ్డాను. సైన్యంలో ఇంజనీర్ల దళంలో ఇరవై ఏళ్ళు చేసి వచ్చాక నా పని ఇదే, పాత పిల్లర్లను గట్టిపరచడం. కింద శనగల గోదాము, పైన కాపురం. పిల్లర్లు ఆరు. లోపలి కడ్డీలు తుప్పుపట్టి ఉబ్బి, సిమెంటు పెచ్చులు లేచాయి. మే నెల. నీడలోనే ఒళ్ళు కాలుతోంది.

ఇల్లు ఖాళీ చేయమని ఇంటాయనకు ముందే ఫోనులో చెప్పాను. గోదాము ఖాళీగా ఉంది. మెట్లకు తాళం. పైకెక్కి చూడలేదు. ఆ తప్పు నాది.

ముందు దూలాల కింద ఇనుప జాకీలు బిగించి బరువు వాటి మీదికి తీసుకోవాలి. తర్వాత పెచ్చులు కొట్టి, తుప్పు గీకి, కొత్త కడ్డీలు కట్టి, చుట్టూ నాలుగంగుళాల కాంక్రీటు పోయాలి. ముందువైపు మూలల్లోని రెండు పిల్లర్లూ సాఫీగా అయ్యాయి.

మూడో రోజు, పదకొండున్నర. నడిమి పిల్లర్. నాతో పనికొచ్చిన కోయిలకుంట్ల మేస్త్రి దాని మొదట్లో కూచుని పెచ్చులు కొడుతున్నాడు. టప్‌మంది. జాకీ కింద నాపబండ పగిలింది. మేస్త్రి లేచి జాకీ పట్టి చూశాడు.

"అన్నా, మర తిరగల్యా. పొద్దున ఒంటిచేత్తో తిప్పినా."

ఖాళీ ఇంటికి ఇంత బరువుండదు. వాకిట్లో ఉన్న ఇంటాయన్ని అడిగాను, పైన ఏముందని.

"ఏం ల్యాదప్పా. శెనగ బస్తాలే, ఎనభై. కింద మీకడ్డమని పైకెక్కించినాం. రేటొచ్చేదాకా యాడ పెట్టేది?"

ఆ బరువంతా ఈ పిల్లర్ మీదికే వస్తోంది. పారిపోతే ఇల్లు కూలుతుంది. ఉంటే మేమూ దాని కిందే. ఇంకో రెండు జాకీలు చెరోవైపు ఒకేసారి, సమానంగా బిగించాలి; ఒకటి ఎక్కువైతే దూలం ఒరుగుతుంది.

"నువ్వు బయటికి పో, నేను చూసుకుంటా" అన్నాను మేస్త్రితో.

"రెండో పక్క ఎవురు తిప్పేది, మీ కర్నలా? మిలట్రీలో ఇంతసేపు ఆలోచన చేస్తారా? పట్టన్నా!"

ఇరవై నిమిషాలు తిప్పాం. దూలం జాకీల మీద ఆగింది. తర్వాత కూలీలను పిలిపించి, ఒక్కొక్కరినే పైకి పంపి, గోడవారగా నడిపిస్తూ బస్తాలు దించించాను. ఐదున్నరయింది.

పదహారో రోజుకు ఆరు పిల్లర్లూ గట్టిపడ్డాయి. నంద్యాల తిరిగొచ్చాను.

ఒక్కటి మాత్రం నన్ను వదలదు. ఆ రోజు జాకీలు తిప్పుతుంటే మూరెడు దూరంలో మేస్త్రి మొహం. రెప్పల మీద సిమెంటు దుమ్ము. పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకున్నాను. చెవి పెట్టి విన్నాను. నా వైపు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి, తనవైపు అన్నే తిప్పుతున్నాడు.