మీది ఒకటో జోనే సార్

మా సారు పోయారు. శుక్రవారం పొద్దున భోజనానికి పిలుద్దామని ఫోన్ చేస్తే, అహ్మదిలో ఆయన పక్క గదిలో ఉండే మలయాళీ ఎత్తి "సార్ ఖలాస్" అన్నాడు. ఈ అరబ్బు దేశంలో పని అయిపోయినా, గ్యాస్ అయిపోయినా, మనిషి అయిపోయినా అదే మాట. నిద్రలోనే గుండె ఆగిందట.

షుఐబా ప్లాంటులో నేను పైపులకు కోటింగ్ వేసే పనివాణ్ణి. దాన్ని పరీక్షించే కెమిస్టు సారు. ఇద్దరిదీ కడప వైపే. అంతకుముందు ఆయన చైనాలో ఒక యూనివర్సిటీలో పనిచేశారు. అక్కడ రీసెర్చ్ జర్నల్స్‌ను స్థాయిని బట్టి నాలుగు జోన్లుగా విడగొట్టి ఏటా జాబితా వేస్తారట. ఒకటో జోన్ జర్నల్లో పేపరు పడితేనే ఆయన ఉద్యోగం నిలిచేది. తుప్పు ఆపే కోటింగ్ మీద సారు రాసిన పేపరు అలాగే పడింది. తీరా లెక్క చూసేనాటికి ఆ జర్నల్ రెండో జోన్‌కి జారింది.

"పేపర్లో అచ్చరం మారలేదబ్బీ. ఉద్యోగమే పాయ," అనేవారు. కోపంగా కాదు, అలసిపోయి.

ఆ జర్నల్ మళ్ళీ పైకెక్కితే పిలుస్తామని అక్కడి పెద్ద ఎవరో అన్నాడట. అందుకని జాబితా వచ్చినప్పుడల్లా ఎగైలాలోని మా ఇంటికొచ్చి ఫోన్లో వెతికేవారు. ఓసారి "ఒకటో జోన్ వస్తే పోతానబ్బీ" అంటుంటే మా ఆవిడ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది.

"వద్దన్నా. ఆడ గ్యాస్ లీకయితాదంట గదా. రెండో జోనే మేలు. బతికుంటే బలుసాకు తినొచ్చు."

ప్లాంటుల్లో పనిచేసినవాళ్ళు మీలో ఉంటే వాళ్ళకు తెలుసు, మాకు ఒకటో జోన్ అంటే ఎప్పుడు అంటుకుంటుందో తెలియని చోటు. సారు పొలమారేదాకా నవ్వారు. "నిజమేమ్మా. ఆడ గూడా మనుషులు కాలిపోతాండారు," అన్నారు.

ఆ జర్నల్ ఎక్కలేదు, ఆయన వెతకడం మానలేదు. చూసి చూసి నాకే విసుగొచ్చి "ఇంగ చాలు సార్" అన్నాను.

"చాలబ్బీ. ఈసారి చూసి మానేద్దాం."

పని నేర్పిన మనిషి. ఇనుము మీద ఉప్పు వేలితో తీసి చూపించి "తుప్పుకు తొందరుండదబ్బీ, మనకే" అనేవారు. పేపర్లో రాసిన తన కోటింగ్‌ను సముద్రం వైపు పైపు ఒకదానికి నాతోనే వేయించారు.

సారును ఊరికి పంపాక డ్యూటీకి వెళ్ళాను. ఒకటో జోన్ అని పసుపు బోర్డున్న గేటు దగ్గర ఫోన్ ఇచ్చేసి లోపలికి నడిచాను. సముద్రం వైపు మిగతా పైపులన్నీ ఎర్రగా పొరలు లేచి ఉన్నాయి. సారు పైపు మాత్రం వేసిన నాటిలాగే ఉంది. దాని మీది దుమ్ము తుడిచి "మీది ఒకటో జోనే సార్" అన్నాను. ఎండకు పైపు కాలుతోంది, చేయి తీయబుద్ధి కాలేదు.