నెమలికి చెప్పిన డబ్బింగు

మా వీధిలో నెమళ్ళు ఎక్కువైపోయాయంటే మా బంధువులెవరూ నమ్మేవారు కాదు. "అదృష్టవంతులమ్మా, పొద్దున్నే లేచి నెమలిని చూస్తారు" అనేవారు ఫోన్లో. పొద్దున్నే లేచి నెమలిని చూడటం వేరు, నెమలే వచ్చి మనల్ని లేపడం వేరు. ఆ తేడా ఫోన్లో చెబితే అర్థమయ్యేది కాదు.

జూబ్లీహిల్స్‌లో పార్కు ఉంది, అందులో నెమళ్ళు ఎప్పట్నుంచో ఉన్నాయి. మొదట ఒకటీ అరా గోడ దూకి మా ఫిల్మ్‌నగర్ వైపు వచ్చినప్పుడు అందరం మురిసిపోయాం. జొన్నలు వేశాం, కొర్రలు వేశాం. వీధి చివర ఒకావిడైతే నానబెట్టి పొట్టు తీసిన బాదంపప్పు వేసేది. తర్వాత అవి పిల్లల్ని వెంటేసుకుని వచ్చాయి. ఆ పిల్లలు పెద్దవై వాటి పిల్లల్ని తెచ్చాయి. మా తులసి మొక్కకి ఆకు నిలవడం మానేసింది. ఎదురింటివాళ్ళు కొత్తగా నల్ల కారు కొంటే, ఒక మగ నెమలి దాని తలుపులో తన నీడ చూసుకుని, ఎవడో పోటీకి వచ్చాడనుకుని, ముక్కుతో పొడిచి పొడిచి రంగు లేపేసింది. అప్పట్నుంచి ఆ కారుకి దుప్పటి కప్పి పడుకోబెడుతున్నారు. ఒకప్పుడు హీరో కారు వస్తే వీధి ఆగిపోయేది. ఇప్పుడు హీరోగారే కారు ఆపుకుని, నెమలి తోక ఈడ్చుకుంటూ రోడ్డు దాటేదాకా కాచుకుంటున్నారు.

ఇవన్నీ చూసి నవ్వుకునేదాన్నే గాని, నా బాధ నాది. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెర మీద హీరోయిన్ పెదవులు కదిలితే మాట నాది. ముప్పై ఏళ్ళుగా నా గొంతు ఎందరో అందగత్తెల నోట్లోంచి వచ్చింది. నా నోట్లోంచి వచ్చినప్పుడు మాత్రం ఒక్కరూ గుర్తుపట్టలేదు. అది ఈ పనిలో ఉన్నదే, దానికి ఎప్పుడూ ఏడవలేదు. కానీ ఈమధ్య స్టూడియోల నుంచి పిలుపులు తగ్గాయి. "గొంతులో వయసు వినపడుతోందండీ" అన్నారు ఒక సినిమావాళ్ళు మొహం మీదే. ఆ మాట ఎంత గుచ్చుకుందంటే, కొన్నాళ్ళు ఇంట్లో సైగలతోనే గడిపాను. మావారు సౌండ్ ఇంజినీరు. ఆయన చూసి చూసి, మేడ మీది సామాన్ల గది ఖాళీ చేయించి, గోడలకి స్పంజి పలకలు కొట్టి, మైకు బిగించి, "ఇదిగో నీ స్టూడియో. ఎవరో పిలిచేదేంటి" అన్నారు. ఆ గదిలో కార్టూన్ ఎలుకలకీ సబ్బు ప్రకటనలకీ చెప్పుకుంటూ నా గొంతుని బతికించుకుంటున్నాను.

సరిగ్గా ఆ గది కప్పు మీదే నెమళ్ళు మకాం పెట్టాయి. ఎలుకపిల్ల "అమ్మా, ఆకలి" అనగానే పైనుంచి ఒక అరుపు. స్పంజి పలకలు లారీ హారన్లని ఆపాయి గాని నెమలి ముందు చేతులెత్తేశాయి. సబ్బువాళ్ళు "మేడం, మీరు అడవిలో ఉంటారా" అని మర్యాదగా అడిగి ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయారు. ఈ గది కూడా మూతపడితే నా గొంతు ఇక నాకు కూడా వినపడదనిపించింది. భయమేసింది, దాచుకోవడమెందుకు.

కాలనీ అంతా కలిసి మున్సిపాలిటీకి మొరపెట్టుకుంటే ఒక మేడం వచ్చింది. పడుచు పిల్ల, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో హెల్మెట్. సమావేశం మా పక్కింటి డాబా మీద. పక్కింటాయన ఒకప్పటి దర్శకుడు, మా కాలనీ సంఘానికి అధ్యక్షుడు. డ్రైనేజీ పైపు పగిలినా ఆయన దగ్గర కథాచర్చ అయిపోతుంది.

"ఇవి మన కాలనీవి కావండీ. బయట్నుంచి వచ్చి ఆక్రమించేశాయి," అని ఎత్తుకున్నారాయన.

"సార్, మీరు మద్రాసు నుంచి వచ్చిండ్రు. ఈ అమ్మ విజయవాడ దిక్కు నుంచి వచ్చింది," అంది మేడం నావైపు చూపించి, ఏమాత్రం నవ్వకుండా. "గివి ఈ గుట్టల మీదనే పుట్టినయి. ఎవరు బయటోళ్ళో జర మీరే చెప్పుండ్రి."

దర్శకుడుగారు ఒక పకోడీ తీసుకుని చాలాసేపు నమిలారు.

పట్టుకోవడం, కొట్టడం, రాయి విసరడం ఏవీ కుదరవని మేడం తేల్చేసింది. జాతీయ పక్షి గనుక లోపలికి పోయేది మనమేనట. "ఒక్కటి జెయ్యొచ్చు సార్. ఆపదొస్తే నెమలి ఒక తీరుగ ఒర్రుతది. ఆ ఒర్రుడు ఇంటే మిగతాయన్ని పార్కు దిక్కు ఉరుకుతయి. మా చెత్త బండికి మైకు ఉన్నది. అటవీ శాఖ సారు ఆ ఒర్రుడు రికార్డు జేసి పంపిండు, ఇనుండ్రి," అని ఫోన్ తీసి వినిపించింది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ పాపం ఆ పిల్ల వచ్చింది ఎవరి మధ్యకి? మావారు ఆ కూత విని, పంటికింద రాయి పడ్డట్టు మొహం పెట్టారు. "గాలి చప్పుడు. వెనక ఎవరో దగ్గుతున్నారు. ఇది పైలట్ ట్రాకండీ." షూటింగ్‌లో నానా చప్పుళ్ళతో దొరికిన ముడి మాటల్ని మేం పైలట్ ట్రాక్ అంటాం. తర్వాత దాన్ని పక్కన పారేసి శుభ్రంగా డబ్బింగ్ చెబుతాం. ఏ గొంతునీ ఉన్నదున్నట్టు జనంలోకి వదలడం మా వంశంలో లేదు. డాబా మీద అందరూ తలలూపారు. దర్శకుడుగారు నావైపు తిరిగారు.

"అమ్మాయ్, నువ్వు చెప్పు."

"నెమలికా సార్?"

"ఎలుకకి చెబుతున్నావుగా."

నిజం చెప్పొద్దూ, నా ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళకి ఒక దర్శకుడు నా గొంతు అడిగాడు. నెమలి అయితేనేం?

అయితే బొమ్మ లేకుండా నేను చెప్పలేను. ఎదురుగా తెర మీద ఒక మొహం ఉండాలి, నోరు ఎప్పుడు తెరుచుకుంటుందో కనపడాలి, అప్పుడే నా గొంతు కదులుతుంది. ఆ మాట అంటే దర్శకుడుగారు ఎప్పుడో ఒక పాట కోసం తను తీసిన నెమలి షాట్ వెతికి పట్టుకొచ్చారు. "లిప్ బాగా కనపడాలని టైట్ క్లోజప్ తెచ్చాను" అన్నారు. తెర నిండా ఒక ముక్కు, ఒక కన్ను, కాస్తంత నీలి మెడ. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది.

"సిట్యుయేషన్ ఏంటి సార్?"

"చిరుతపులి వచ్చింది. నువ్వు తల్లివి. పిల్లలు పచ్చికలో ఆడుకుంటున్నాయి. పారిపొండర్రా అని అరుస్తావు. సగం భయం, సగం ప్రేమ."

చెప్పాను. ముక్కు తెరుచుకున్నప్పుడల్లా అందుకున్నాను, మూసుకోగానే ఆపాను, ఎక్కడా వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. మావారు దానికి కొండల్లో మారుమోగుతున్నట్టు ఎకో కలిపారు. దర్శకుడుగారు కళ్ళు తుడుచుకుని "ఆ తల్లి కనపడిందమ్మాయ్" అన్నారు. ఆ నీలి మెడ చూసి అది మగ నెమలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

తొలకరి పడిన మర్నాడు పొద్దున చెత్త బండి వచ్చింది. కాఫీ గ్లాసులు పట్టుకుని అందరం గేట్ల దగ్గర నిలబడ్డాం. మైకులోంచి నా కూత బయల్దేరింది. గోడల మీద, కప్పుల మీద ఉన్న నెమళ్ళన్నీ ఒక్కసారి మెడలెత్తాయి. మావారు నా చెయ్యి నొక్కారు. రెండో కూతకి పార్కు వైపు గోడ మీద ఇంకో మెడ లేచింది. దాని పక్కన ఇంకోటి. అవి పోవడం లేదు, వస్తున్నాయి. పిలవని పేరంటానికే వచ్చేవి, పిలిస్తే ఆగుతాయా? ఆడ నెమళ్ళు బండి చుట్టూ మూగాయి. వాటి వెనకే మగవి వచ్చి నడివీధిలో పురులు విప్పాయి. ఒకటి నల్ల కారు మీది దుప్పటి ఎక్కి మరీ విప్పింది. డ్రైవర్ అద్దాలెత్తుకుని లోపలే కూర్చున్నాడు. ఒక ఆడ నెమలి బండి మీదికెగిరి, మైకులోకి తల పెట్టి, లోపల ఎవరున్నారోనని వెతికింది.

మేడం బండి మైకు ఆపించి, నిదానంగా దర్శకుడుగారి దగ్గరికి వచ్చింది. "సార్, గా బొమ్మ జర దూరంకెల్లి తీసింది ఉంటే సూపెట్టుండ్రి."

ఆయన ఫోన్లో దూరం షాట్ తీశారు. పురి విప్పి ఊగిపోతున్న మగ నెమలి, దాని ముందు వయ్యారంగా గింజలు ఏరుకుంటున్న ఆడ నెమలి. ప్రేమ పాటకని ఆయనే తీసి, ఆయనే మర్చిపోయారు. నేను చిరుతనీ పిల్లల్నీ తలుచుకునే కూశాను. కానీ ఆ ముక్కు ఎలా తెరుచుకుంటే అలా, ఎంతసేపు తెరుచుకుంటే అంతసేపు కూశాను. నోటికి న్యాయం చేస్తే మాట దానంతటదే దొరికిపోయింది.

"జోడు కోసం పిలిచే కూత సార్ గిది," అంది మేడం. "శానా మంచిగ పిలిచిండ్రు అమ్మ."

నేను గేటు పట్టుకుని నవ్వాను. నవ్వలేక మెట్ల మీద కూలబడి నవ్వాను. గొంతులో వయసు వినపడుతోందన్నవాళ్ళని తెచ్చి ఆ వీధిలో నిలబెట్టాలనిపించింది.

నవ్వు అయ్యాక గది గుర్తొచ్చింది. కొత్త చుట్టాలు కూడా దాని కప్పు మీదే దిగారు. ఇక మైకు విప్పేయడమే అనుకుంటుంటే మేడం మళ్ళీ వచ్చింది. "పక్షులకు చెప్పుడు అయిపోయిందమ్మా. ఇగ మనుషులకు చెప్పాలె. గింజలు ఏసినంత కాలం అవి ఏడికీ పోవు. అదే బండి మీద, మీరే చెప్పుండ్రి. సినిమాల లెక్క వద్దు. ఇంట్ల ఎట్ల మాట్లాడుతరో గట్ల."

ఆ ఒక్కటే నాకు రాలేదు. మైకు ముందు నిలబడితే ఒకసారి పద్దెనిమిదేళ్ళ హీరోయిన్ వచ్చింది, ఒకసారి సబ్బు వచ్చింది, ఒకసారి ఎలుక. నేను మాత్రం రాలేదు. చూడటానికి ఎదురుగా మొహం లేదు మరి. నాకు ఏడుపొచ్చింది. మావారు వెళ్ళి, మా అలమార తలుపుకి తగిలించిన అద్దం తెచ్చి, తెర ఉండే చోట ఆనించారు. నా పెదవులు చూసుకుంటూ నాకు నేనే డబ్బింగ్ చెప్పుకున్నాను. "నెమళ్ళకి గింజలు వేయకండమ్మా. వాటి తిండి అవి వెతుక్కోగలవు. మీ ప్రేమ మీ దగ్గరే ఉంచుకోండి." చివర్లో కప్పు మీంచి ఒక కూత పడింది. మావారు దాన్ని తీసేయలేదు.

బండి రోజూ తిరిగింది. జొన్నలు ఆగాయి, కొర్రలు ఆగాయి, అందరికంటే ఆఖర్న బాదంపప్పు ఆగింది. నెమళ్ళు మెల్లగా పార్కు దారి పట్టాయి. ఎలుకపిల్ల ఒకే టేకులో ఆకలి చెప్పుకుంటోంది. ఇంకా కొన్ని వస్తూనే ఉన్నాయి గాని, మర్యాదగా వచ్చి వెళుతున్నాయి.

మొన్న యూసుఫ్‌గూడ మార్కెట్‌కి వెళ్ళాను. ఆ చెత్త బండి మా వీధులు చుట్టేసి, మైకు ఆపకుండా అక్కడి బస్తీ మీదుగానే పోతుందట, అది నాకు తెలియదు. ఒకావిడ బెండకాయలు పోసుకుని కూర్చుంది. "ముదిరిపోయినట్టున్నాయి కదమ్మా" అన్నాను, కాయ విరిచి చూస్తూ. తక్కెడ తుడుచుకుంటున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి. తలెత్తి నా మొహం చూసింది, నా నోరు చూసింది, మళ్ళీ మొహం చూసింది.

"మా దిక్కు నెమళ్ళే లేవమ్మా," అంది. "నేనేం గింజలెయ్యలే."

ముప్పై ఏళ్ళలో నా గొంతుని నా మొహం మీద గుర్తుపట్టిన మొదటి మనిషి ఆవిడ. ఆ ముదురు బెండకాయలే రెండు కిలోలు కొనుక్కుని ఇంటికొచ్చాను.